తొమ్మిదో నంబరు వెనక్కి జరిగితే

ఫుట్‌బాల్‌లో ఏదైనా జట్టు 4-3-3తో, అంటే గోల్‌కీపర్ ముందు నలుగురు డిఫెండర్లు, ముగ్గురు మిడ్‌ఫీల్డర్లు, ముగ్గురు ఫార్వర్డ్‌లతో దిగుతోందంటే అది దాడికి సిద్ధమైందని అందరం అనేసుకుంటాం. ముందు వరసలో ముగ్గురు ఉన్నారు కదా అని. కానీ తలలు లెక్కపెడితే దాడి బలం తెలిసేట్టయితే 1872లో గ్లాస్గోలో జరిగిన తొలి అంతర్జాతీయ మ్యాచ్‌లో గోల్స్ కుప్పలుతెప్పలుగా పడాలి. స్కాట్లాండ్ ఆరుగురిని ముందు పెట్టింది, ఇంగ్లండ్ ఇంకా ఎక్కువమందిని పెట్టింది. స్కోరు 0-0.

అక్కడినుంచి 2-3-5 వచ్చి చాలాకాలం నిలిచింది. 1925లో ఆఫ్‌సైడ్ నిబంధన మారింది. అంతకుముందు, బంతి అందుకునే ఆటగాడికీ గోల్ లైనుకీ మధ్య ప్రత్యర్థులు ముగ్గురుండాలి. దాన్ని ఇద్దరికి తగ్గించారు. ఇంగ్లండ్ ఫస్ట్ డివిజన్‌లో ఒక సీజన్‌లో 1,192 ఉన్న గోల్స్ మరుసటి సీజన్‌కి 1,703 అయ్యాయి. డిఫెన్స్ బెదిరిపోయి, మిడ్‌ఫీల్డ్ నడుమ ఆడే సెంటర్ హాఫ్‌ని వెనక్కి లాక్కుంది. ఆర్సెనల్‌లో కోచ్ హెర్బర్ట్ చాప్‌మన్ తీర్చిదిద్దిన డబ్ల్యు-ఎం (ఆటగాళ్లు W, M ఆకారాల్లో నిలిచే అమరిక) అలా పుట్టిందే. దాంతో మైదానంలో ఎవరి మనిషి ఎవరో తేలిపోయింది. ఎదుటివాళ్ల 9వ నంబరుని, అంటే సెంటర్ ఫార్వర్డ్‌ని, 5వ నంబరు, అంటే వెనక్కొచ్చిన సెంటర్ హాఫ్, కాయాలి, అంతే.

ఈ లెక్కని హంగరీ తలకిందులు చేసింది. 1953 నవంబర్ 25, లండన్‌లోని వెంబ్లీ, ఎదుట ఇంగ్లండ్. 9వ నంబరు చొక్కా వేసుకున్న నాందోర్ హిదెగ్కూటి గోల్ ముందు నిలబడకుండా మిడ్‌ఫీల్డ్‌లోకి నడిచి వెళ్లిపోయాడు. అతన్ని కాయాల్సిన ఇంగ్లండ్ 5వ నంబరు హ్యారీ జాన్‌స్టన్ వెంట వెళ్తే గోల్ ముందు దారి బార్లా తెరుచుకుంటుంది, అందులోకి హంగరీ ఫార్వర్డ్‌లు పుష్కాష్, కోచిష్ దూసుకొస్తారు. ఉన్నచోటే ఉంటే హిదెగ్కూటికి తలెత్తి చూసుకుని పాస్ ఇచ్చే తీరిక దొరుకుతుంది. రెండిట్లో ఏది చేసినా తప్పే. బ్రిటిష్ దీవుల బయటి జట్టు చేతిలో సొంతగడ్డపై ఎన్నడూ ఓడని ఇంగ్లండ్ ఆరోజు 6-3తో ఓడింది. మూడు గోల్స్ హిదెగ్కూటివే.

బ్రెజిల్ 1958 ప్రపంచ కప్‌కి తెచ్చిన 4-2-4లోనూ ఇదే కిటుకు ఉంది. అంచుల్లో ఆడే వింగర్లిద్దరూ టచ్‌లైన్ (మైదానం పక్కగీత) దగ్గరే ఉంటే ఎదుటి ఫుల్‌బ్యాక్‌లు, అంటే అంచుల డిఫెండర్లు, కూడా అక్కడికే లాగబడతారు. మధ్యలో ఇద్దరు ఫార్వర్డ్‌లు సెంట్రల్ డిఫెండర్లకి ఊపిరి సలపనివ్వరు. వెనకనుంచి సొంత ఫుల్‌బ్యాక్ పరుగెత్తుకొస్తే అతన్ని పట్టించుకునేవాడు మిగలడు. ఆస్ట్రియా మీద లెఫ్ట్ బ్యాక్ నిల్టన్ శాంటోస్ గోల్ కొట్టింది అలాగే వచ్చి. లోపం ఎక్కడంటే, అంత విశాలమైన మిడ్‌ఫీల్డ్‌ని ఇద్దరే మోయాలి.

అక్కడే బ్రెజిల్ ఆటగాడు జగాలో విలువ తెలుస్తుంది. పేరుకి లెఫ్ట్ వింగర్. బంతి పోయిన మరుక్షణం వెనక్కొచ్చి మూడో మిడ్‌ఫీల్డర్ అయ్యేవాడు. చిన్న చీమ అని అతనికి ముద్దుపేరు. రైట్ వింగర్ గారించా మెలికలకీ, పదిహేడేళ్ల పెలేకీ దక్కిన కీర్తిలో చాలా వాటా ఈ చీమకి చెందాలని నా నమ్మకం. 1962 నాటికి అతను మిడ్‌ఫీల్డ్‌లోనే స్థిరపడ్డాడు. 4-2-4 అలా 4-3-3 అయింది. ఫార్వర్డ్ ఒకరు తగ్గినా బ్రెజిల్ కప్ నిలబెట్టుకుంది.

1970 ప్రపంచ కప్ ఫైనల్లో అదే జగాలో బ్రెజిల్ కోచ్. 86వ నిమిషం, బ్రెజిల్ ఇటలీపై 3-1తో ముందుంది. క్లొడొఆల్డో సొంత అర్ధభాగంలో నలుగురిని తప్పించి బంతి వదిలాడు. రివెలీనో నుంచి అది జైర్జీనోకి చేరింది. జైర్జీనో అసలు చోటు కుడి అంచు, కానీ అప్పుడతను ఎడమవైపు ఉన్నాడు. అతన్ని కాసే ఇటలీ డిఫెండర్ ఫక్కెట్టి కూడా వెంటే వచ్చేశాడు. ఇటలీ ఎడమ మూల ఎవరూ లేని మైదానం. జైర్జీనో నుంచి బంతి అందుకున్న పెలే ఒక్క క్షణం ఆగి, ఆ ఖాళీలోకి మెల్లగా దొర్లించాడు. రైట్ బ్యాక్ కార్లోస్ అల్బెర్టో పరుగాపకుండానే కొట్టాడు, నేలబారుగా, అవతలి మూలకి. ఎన్నిసార్లు చూసినా నా చూపు గోల్ మీదికి పోదు, ఫక్కెట్టి వదిలేసిన ఆ పచ్చటి చోటు మీదే ఆగుతుంది.

2009 మే 2న రియల్ మాడ్రిడ్ మైదానం బెర్నబేలో బార్సిలోనా కోచ్ గార్డియోలా, ఫార్వర్డ్ ఎటోని కుడి అంచుకి పంపి, మెస్సీని మధ్యలోకి తెచ్చాడు. మెస్సీ మధ్యలో ఆగలేదు, మిడ్‌ఫీల్డ్‌లోకి దిగాడు. రియల్ మాడ్రిడ్ సెంట్రల్ డిఫెండర్లకి ఎదురైంది, వెంబ్లీలో జాన్‌స్టన్‌కి ఎదురైన ప్రశ్నే. బార్సిలోనా 6-2తో గెలిచింది.