తాతగారి డబ్బాలో నాణేలు: అపోహలు - వాస్తవాలు

విజయవాడ వన్‌టౌన్‌లో పాత నాణేలకు, నోట్లకు విలువ కడుతుంటాను. వారానికి ఒకరైనా తాతగారి డబ్బా పట్టుకుని వస్తారు. డబ్బాలు మారతాయి గానీ మాటలు అవే.

అపోహ: ఎంత పాతదైతే అంత ధర.

1835 నాటి ఈస్టిండియా కంపెనీ పావు అణాలు కుప్పలుగా దొరుకుతాయి. రెండు వేల ఏళ్ల నాటి శాతవాహన సీసపు నాణెం కంటే 1939 వెండి రూపాయి ఎన్నో రెట్లు పలుకుతుంది, ఆ ఏటి రూపాయలు ఇప్పుడు మిగిలినవి బహు తక్కువ కాబట్టి. దానికి నకిలీలూ ఎక్కువే. ఇక వైష్ణోదేవి బొమ్మున్న ఐదు రూపాయల బిళ్లకు లక్షలిస్తామని ఎవరైనా ఫోన్ చేసి ముందుగా కమీషన్ అడిగితే, ఆ ఫోన్ పెట్టేయండి. రిజర్వు బ్యాంకు పేరు చెప్పినా సరే. ఇలాంటి వాటిని నమ్మొద్దని ఆ బ్యాంకే 2021లో హెచ్చరించింది.

అపోహ: తళతళలాడితే ధర పెరుగుతుంది.

చింతపండు పెట్టి తోమి తెస్తారు. చూడగానే ప్రాణం ఉసూరుమంటుంది. తోమితే ధర తగ్గుతుందే గానీ పెరగదు.

అపోహ: ఇంటికి పాలసీ ఉంది, బ్యాంకులో లాకర్ ఉంది, ఇంకేం భయం?

2024 సెప్టెంబరులో బుడమేరు ముంచెత్తాక సింగ్‌నగర్ నుంచి ఒకాయన నాణేల పెట్టె, అతుక్కుపోయిన పాత నోట్ల ఆల్బం తెచ్చారు. "పాలసీ ఉందిగా అండీ" అన్నారు. తీసి చదివితే, నాణేలు, నోట్లు ప్రత్యేకంగా పేర్కొంటే తప్ప వర్తించదని ఉంది. బీమా కంపెనీలన్నీ ఒకే తీరుగా ఇచ్చే ఇంటి బీమా, భారత్ గృహ రక్ష పాలసీలోనూ అంతే. విలువైన వస్తువుల కవర్ విడిగా అడిగి తీసుకుని, నాణేలను పేరు పెట్టి రాయించుకోవాలి. మొత్తం 5 లక్షలు దాటినా, ఏ ఒక్క వస్తువు లక్ష దాటినా విలువ కట్టి ఇచ్చే వాల్యుయేషన్ సర్టిఫికెట్ కావాలి.

లాకర్లో ఏముందో బ్యాంకు అడగదు, దానికి ఇన్సూరెన్సూ చేయదు. దొంగలు పడినా, అగ్నిప్రమాదం జరిగినా బ్యాంకు బాధ్యత ఏడాది అద్దెకు 100 రెట్ల వరకే. అద్దె 2 వేలైతే 2 లక్షలన్నమాట. తన నిర్లక్ష్యం లేకుండా వరదొస్తే అదీ లేదు.

అపోహ: సర్టిఫికెట్లో రాసిన ధరకి మీరే కొనాలి.

నాకు నెలకోసారి తప్పని గొడవ ఇది. ఇన్సూరెన్సుకి రాసేది అలాంటి నాణెం మళ్లీ కొనాలంటే ఎంతవుతుందో ఆ ధర. దుకాణదారు అంతకన్నా తక్కువకే కొంటాడు, ఆయనా బతకాలిగా. అందుకే కొంటానన్నవాడి చేత విలువ కట్టించకండి. ఈ మాట నాకూ వర్తిస్తుంది. సర్టిఫికెట్లో రెండు వైపులా ఫొటోలు, తూకం, సంవత్సరం, టంకశాల, అరుగుదల, తేదీ ఉండాలి. బ్రిటిష్ వెండి రూపాయి 11.66 గ్రాములు తూగాలి. అరుగుదలకి మించి తగ్గితే అనుమానించండి.

ఒక కాపీ వేరే ఊళ్లో ఉన్న పిల్లలకి పంపించండి. సింగ్‌నగర్ ఆయన బిల్లులన్నీ జాగ్రత్తగానే దాచారు, ఆ పెట్టెలోనే.