గోదాం కదలదు, ఊరు కదులుతుంది

పేలుడు పదార్థాల గోదాం ఎక్కడ ఉండాలో ఇప్పుడు డిజిటల్ పటం మీద వలయాలు గీసి తేలుస్తున్నారు. ఆ వలయాల వెనుక లెక్క మాత్రం వందేళ్ల నాటిది.

గత ప్రమాదాల్లో ఎంత దూరాన ఏమేం కూలాయో చూసి, గోదాముకు ఇళ్లు, రోడ్లు ఎంత దూరాన ఉండాలో చెప్పే పట్టికను అమెరికా పేలుడు పదార్థాల పరిశ్రమ 1910 ప్రాంతంలోనే తయారు చేసుకుంది. అమెరికా సైన్యాన్ని కదిలించింది మాత్రం ఒక పిడుగు. 1926 జులైలో న్యూజెర్సీలోని లేక్ డెన్మార్క్ నౌకాదళ డిపో మీద అది పడింది. పేలుళ్లు ఒక గోదాం నుంచి మరొకదానికి పాకాయి, పక్కనున్న పికాటిని ఆయుధాగారమూ దెబ్బతింది. ఆ తర్వాతే, 1928లో, ఆయుధ నిల్వల మీద సైన్యానికి శాశ్వత భద్రతా బోర్డు ఏర్పడింది.

లెక్కకు మూలం ఘనమూలం. ఐక్యరాజ్యసమితి మార్గదర్శకాల ప్రకారం, ఒక్కసారిగా పేలే సరుకు భారీగా ఉన్నప్పుడు, దాని కిలోల ఘనమూలాన్ని 22.2తో గుణిస్తే ఇళ్లకు ఉండాల్సిన దూరం మీటర్లలో వస్తుంది. 64 టన్నులకు, అంటే 64,000 కిలోలకు, ఘనమూలం 40 కాబట్టి 888 మీటర్లు. 8 టన్నులకు 444. అంటే సరుకు ఎనిమిదో వంతుకు తగ్గినా దూరం సగమే తగ్గుతుంది.

పటం అసలు పనికొచ్చేది ఇక్కడే. 64 టన్నులకు అనుమతి పొందిన గోదాముకు 444 మీటర్ల దూరంలో కొత్తగా ఇల్లు లేచిందనుకుందాం. కాగితం మీది పట్టికకు ఆ సంగతి తెలియదు. సాఫ్ట్‌వేర్ అయితే తాజా ఉపగ్రహ చిత్రాల్లోని కట్టడాలను, రోడ్లను వలయంతో పోల్చి, లెక్కను వెనక్కి నడిపిస్తుంది: ఇకపై 8 టన్నులే. గోదాం యజమానికి ఇది చేదు కబురే. కానీ ముందుగా తెలియడం మేలు.

నెదర్లాండ్స్‌లోని ఎన్‌స్కెడేలో బాణాసంచా గోదాం కట్టినప్పుడు అది ఊరి బయటే ఉంది. తర్వాత ఇళ్లు చుట్టుముట్టాయి. 2000 మే 13న అది పేలి 23 మంది చనిపోయారు. 2012లో కాంగో రిపబ్లిక్ రాజధాని బ్రజవిల్‌లో జనావాసాల నడుమే ఉన్న ఆయుధ డిపో పేలింది. అక్కడ ముప్పు పసిగట్టడానికి ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు, కళ్లుంటే చాలు.

అలాగని పటాన్ని గుడ్డిగా నమ్మడానికీ లేదు. అనుమతి ఉన్నదానికంటే ప్రమాదకరమైన సరుకే ఎన్‌స్కెడేలో ఉందని విచారణ సంఘం తేల్చింది. వలయం ఎంత వెడల్పు ఉండాలో నిర్ణయించేది మనం నమోదు చేసే సరుకు తరగతి (అది ఎంత ప్రమాదకరమో చెప్పేది), బరువే. ఆ రెండూ తప్పయితే పటం మీద ఇళ్లన్నీ సురక్షితంగానే కనబడతాయి.