వాడని డిస్నీ టికెట్: అపోహలు – వాస్తవాలు

ఓర్లాండోకి వచ్చే తెలుగు కుటుంబాలకి హోటల్, కారు, పార్కు టికెట్లు కుదిర్చిపెట్టడం నా పని. సెలవులు దగ్గర పడేకొద్దీ టికెట్లు కావాలనే ఫోన్లతో పాటు, కొన్న టికెట్ ఏం చేసుకోవాలో తెలియని వాళ్ళ ఫోన్లు కూడా మొదలవుతాయి. అమ్మానాన్నలకి వీసా రాలేదు. అత్తగారు మోకాళ్ళ నొప్పులు, అంత నడవలేనంటున్నారు. ఆఫీసులో సెలవు ఇవ్వనన్నారు. కారణం ఏదైనా, 'నాన్ రిఫండబుల్' అన్న మాట కంటపడగానే చాలామంది రెండిట్లో ఒకటి చేస్తారు. డబ్బు పోయిందని వదిలేసుకుంటారు, లేదంటే వాట్సాప్ గ్రూపులో సగం ధరకి అమ్మకానికి పెడతారు. రెండూ తొందరపాటే.

ఇక్కడ రాసేది ఫ్లోరిడాలోని వాల్ట్ డిస్నీ వరల్డ్ టికెట్ల గురించి. కాలిఫోర్నియా డిస్నీల్యాండ్ రూల్స్ కొన్ని దీనితో కలుస్తాయి, కొన్ని కలవవు. యూనివర్సల్, సీవరల్డ్ వేరే కంపెనీలు, వాటి షరతులు వాటివే.

అపోహ: తేదీ దాటిపోతే టికెట్ చిత్తుకాగితమే.

కాదు. డబ్బు వెనక్కి రాదన్నది నిజం. కానీ ఆ టికెట్‌తో ఒక్కసారి కూడా లోపలికి వెళ్ళకపోతే, మీరు కట్టిన మొత్తం దాని మీదే ఉంటుంది. దాన్ని కొత్త టికెట్‌కి జమ చేసుకోవచ్చు. షరతు ఒక్కటే, కొత్త టికెట్ ధరలో తేడా వచ్చినప్పుడు. ఎక్కువైతే తేడా మీరు కట్టాలి. తక్కువైతే తేడా మీ చేతికి రాదు.

అసలు మెలిక ఈ ఆఖరి మాటలోనే ఉంది. 2018 అక్టోబర్ నుంచి డిస్నీ వరల్డ్‌లో టికెట్ ధర తేదీని బట్టి మారుతోంది. 2025 క్రిస్మస్ వారంలో అక్కడి పార్కుల్లో ఒకటైన మ్యాజిక్ కింగ్‌డమ్ ఒక్క రోజు టికెట్ 199 డాలర్ల దాకా వెళ్ళింది. అదే ఏడాది రద్దీ లేని రోజుల్లో ఇంకో పార్కు యానిమల్ కింగ్‌డమ్ టికెట్ 119 డాలర్లకే దొరికింది. అంటే క్రిస్మస్‌కి కొన్న టికెట్‌ని సెప్టెంబర్‌కి మార్చుకుంటే ఖరీదైన టికెట్ ఇచ్చి చవక టికెట్ తీసుకున్నట్టే.

అలాంటప్పుడు నేను చెప్పే మార్గం ఇది: కొత్త తేదీల్లో టికెట్ చవగ్గా ఉంటే ఇంకో రోజు కలపండి, లేదా ఒకే రోజు రెండు మూడు పార్కులు తిరగనిచ్చే పార్క్ హాపర్ చేర్చండి. ఉదాహరణకి మీరు కట్టింది 560 డాలర్లు, కొత్త తేదీల్లో అదే నాలుగు రోజుల టికెట్ 520 అనుకుందాం. ఊరికే మార్చుకుంటే 40 డాలర్లు గాలికి పోతాయి. ఐదో రోజు కలిపితే 545 అయితే పోయేది 15. రోజులు పెరిగేకొద్దీ రోజుకి పడే ధర తగ్గుతుంది కాబట్టి ఈ లెక్క తరచూ కుదురుతుంది.

ఇంకొకటి. వెళ్ళడం లేదని తేలిపోయాక తేదీ దాటేదాకా ఆగకండి. గడువు లోపలే అయితే మై డిస్నీ ఎక్స్‌పీరియన్స్ యాప్‌లో మీరే తేదీ మార్చుకోవచ్చు. దాటిపోయాక ఫోన్ చేసి, లైన్‌లో ఎదురుచూసి, పాత టికెట్ నంబరు చెప్పి అడగాలి. పని అవుతుంది, కానీ ఒక పూట పోతుంది. ఇప్పుడే ఎప్పుడు వెళ్తామో తెలియకపోతే ముందుకి ఏదో ఒక తేదీ పెట్టుకున్నా, తర్వాత మళ్ళీ మార్చుకోవచ్చు.

అపోహ: రెండు రోజులు మేం వాడేశాం, మిగతా రెండు రోజులు మరిదిగారి వాళ్ళకి ఇచ్చేస్తాం.

ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే, అందుకే కాస్త ఎక్కువ రాస్తున్నాను.

గేటు దగ్గర ఏం జరుగుతుందో చూడండి. గుండ్రటి రీడర్ మీద మ్యాజిక్ బ్యాండో (టికెట్‌గా పనిచేసే డిస్నీ చేతిపట్టీ), కార్డో, ఫోనో ఆనిస్తారు. పక్కనే ఉన్న చిన్న స్కానర్ మీద వేలు పెట్టమంటారు. మొదటిసారి లోపలికి వెళ్ళినప్పుడు ఆ వేలి కొలత ఆ టికెట్‌కి ముడిపడుతుంది. మర్నాడు అదే వేలు పెడితే రీడర్ ఆకుపచ్చగా వెలుగుతుంది. వేరే వేలైతే నీలం లైటు వచ్చి ఆగిపోతుంది, ట్యాబ్లెట్ పట్టుకున్న ఉద్యోగి ఒకరు దగ్గరికొచ్చి పేరు అడుగుతారు. వేలు పెట్టడం ఇష్టం లేకపోతే ఫొటో ఐడీ చూపించొచ్చు, అప్పుడైనా టికెట్ మీ పేరు మీదే ఉంటుంది. వెనక లైన్‌లో వందమంది చూస్తుండగా మరిదిగారి పిల్లలు అక్కడ నిలబడి ఉంటారు. ఆ సీన్ ఊహించుకుంటే చాలు.

మొదటి స్కాన్ అయ్యేదాకా టికెట్ మీ చేతిలో ఉంది. అయ్యాక అది ఆ మనిషిది. మిగిలిన రోజులకి విడిగా విలువ ఉండదు, వేరే తేదీకి జరపలేరు, వేరే మనిషికి మార్చలేరు. వాడుకోవడానికి గడువు కూడా చిన్నదే: నాలుగు రోజుల టికెట్‌ని ఏడు రోజుల్లో, ఐదు రోజులదాన్ని ఎనిమిది రోజుల్లో, పది రోజులదాన్ని పద్నాలుగు రోజుల్లో ముగించాలి.

మన పెద్దవాళ్ళకి ఇది వింతగా అనిపిస్తుంది. మన దగ్గర రైలు టికెట్ కన్ఫర్మ్ అయ్యాక కూడా బండి బయల్దేరడానికి ఇరవై నాలుగు గంటల ముందు స్టేషన్లో దరఖాస్తు పెడితే అన్నదమ్ముల పేరు మీదకి మార్చి ఇస్తారు కదా, ఇక్కడెందుకు ఇవ్వరంటారు. ఆ మార్పు కూడా ప్రయాణం మొదలవకముందే. సగం దూరం వెళ్ళాక ఖాజీపేటలో దిగిపోయి మిగతా ప్రయాణం తమ్ముడికి ఇస్తానంటే టీటీఈ కూడా ఊరుకోడు.

అమ్మితే సంగతి ఇంకా దూరం వెళ్తుంది. ఒక్కసారి వాడిన, బదిలీకి వీల్లేని మల్టీ డే టికెట్‌ని అమ్మడమే కాదు, అమ్మకానికి పెట్టడం కూడా ఫ్లోరిడాలో నేరం. 817.361 అనే సెక్షన్ దాని కోసమే ఉంది. మొదటిసారి అయితే సెకండ్ డిగ్రీ మిస్‌డిమీనర్ అనే చిన్న నేరం: అరవై రోజుల దాకా జైలు, 500 డాలర్ల దాకా జరిమానా. మళ్ళీ దొరికితే ఒక మెట్టు పైకి వెళ్తుంది. మామూలుగా ఇద్దరు స్నేహితుల మధ్య పోలీసులు రారు, నిజమే. కానీ హెచ్1బీ మీదో, గ్రీన్ కార్డు క్యూలోనో ఉన్నవాళ్ళు 'ఎప్పుడైనా అరెస్టయ్యారా' అన్న ప్రశ్నకి ఫారాల్లో జవాబు రాయాలి. నూట యాభై డాలర్ల కోసం ఆ టెన్షన్ ఎందుకు?

అపోహ: అసలు వాడని టికెట్ అయితే ఎవరికైనా అమ్ముకోవచ్చు.

షరతుల్లో డిస్నీ టికెట్ బదిలీకి వీల్లేనిదనే రాసి ఉంటుంది. అయితే వాడని టికెట్‌ని యాప్‌లో మీ కుటుంబం, స్నేహితుల జాబితాలో ఉన్న ఇంకొకరి పేరు మీదకి మార్చే సదుపాయం డిస్నీయే ఇచ్చింది. అత్తగారు రావడం లేదు, ఆ టికెట్ చెల్లెలికి కావాలంటే చేయాల్సింది అదే. హోటల్ గదితో కలిపి ప్యాకేజీలో వచ్చిన టికెట్లకి, కొన్ని ఆఫర్ టికెట్లకి మాత్రం ఇది కుదరదు. పిల్లల టికెట్‌ని పెద్దవాళ్ళకి ఇవ్వాలంటే తేడా కట్టి పెద్దల టికెట్‌గా మార్పించుకోవాలి.

ముక్కూ ముఖం తెలియని వాళ్ళకి అమ్మడం గురించి నా సలహా: వద్దు. కొనేవాళ్ళకైతే ఇంకా గట్టిగా చెప్తాను. టికెట్ అంటే బార్‌కోడ్, ఒక నంబరు, అంతే. ఆ నంబరు ముందు ఎవరి అకౌంట్‌లో చేరితే టికెట్ వాళ్ళది. అదే స్క్రీన్‌షాట్ నలుగురికి అమ్మినా ఎవరికీ తెలియదు. డబ్బు జెల్ (బ్యాంకు నుంచి నేరుగా డబ్బు పంపే యాప్)లో పంపేశాక అడగడానికి ఎవరూ ఉండరు. ఓర్లాండో పక్కనే ఉన్న కిసిమీలో 192 రోడ్డు వెంట సగం ధరకే టికెట్లు అని బోర్డులు కనిపిస్తాయి. కొన్ని చోట్ల ఆ చవక వెనక టైమ్‌షేర్ (రిసార్టులో ఏడాదికి కొన్ని రోజుల వాటా) అమ్మడానికి ఒక పూటంతా కూర్చోబెట్టి చెప్పే పాఠం ఉంటుంది, కొన్ని చోట్ల ఎవరో వాడి వదిలేసిన టికెట్ ఉంటుంది.

అపోహ: నాన్ రిఫండబుల్ అంటే ఎలా కొన్నా నాన్ రిఫండబులే.

ఈ ఒక్క విషయం తెలియక మనవాళ్ళు ఎంత పోగొట్టుకుంటారో! టికెట్ విడిగా కొంటే డబ్బు తిరిగి రాదు. అదే టికెట్‌ని డిస్నీ హోటల్ గదితో కలిపి ప్యాకేజీగా కొంటే, చేరాల్సిన రోజుకి 30 రోజులు, అంతకన్నా ముందే రద్దు చేస్తే టికెట్ డబ్బుతో సహా వెనక్కి వస్తుంది. 29 నుంచి 2 రోజుల లోపు అయితే మొత్తం ప్యాకేజీ మీద 200 డాలర్లు కోసుకుంటారు. ఆఖరి రోజు అయితే ఏమీ రాదు.

కాబట్టి ముందుగా మీ ఈమెయిల్ తెరిచి చూడండి, కొన్నది ప్యాకేజీయా, ఉత్త టికెట్టా అని. కాస్ట్‌కో నుంచో, మీ కంపెనీ డిస్కౌంట్ పోర్టల్ నుంచో కొంటే డిస్నీకి ఫోన్ చేసే ముందు అమ్మినవాళ్ళ షరతులు చదవండి. కొందరు అధీకృత విక్రేతలకి సొంత రద్దు నియమాలు ఉంటాయి, ఒక్కోసారి డిస్నీ కన్నా ఉదారంగా ఉంటాయి. అమ్మానాన్నల వీసా ఇంకా చేతికి రాని కుటుంబాలకి నేను ముందే చెప్తాను, స్టాంపింగ్ అయ్యేదాకా విడి టికెట్లు కొనొద్దని. వింటారా అంటే, ధర పెరిగిపోతుందని కొనేస్తారు.

అపోహ: బ్యాంకుకి ఫోన్ చేసి, కార్డు చెల్లింపు మీద డిస్ప్యూట్ (అభ్యంతరం) వేస్తే డబ్బు వచ్చేస్తుంది.

రాదు. డిస్ప్యూట్ ఉన్నది కొన్న వస్తువు అందకపోతేనో, మోసం జరిగితేనో. మీ ప్లాన్ మారితే కాదు. కొనేటప్పుడు మీరు టిక్ పెట్టిన షరతుల పేజీని కంపెనీ బ్యాంకుకి చూపిస్తుంది, అక్కడితో ఆ ఫైలు మూసేస్తారు.

ఇన్సూరెన్స్ కథ వేరు. మామూలు ట్రిప్ ఇన్సూరెన్స్‌లో జబ్బు, ప్రమాదం, దగ్గరివాళ్ళ మరణం లాంటి కారణాలుంటే, ముందే కట్టి తిరిగిరాని ఖర్చుల్లో పార్కు టికెట్లు కూడా అడగొచ్చు. వీసా రాకపోవడం సాధారణంగా ఆ జాబితాలో ఉండదు. ఏ కారణానికైనా రద్దు చేసుకునే పాలసీ కావాలంటే మొదటి బుకింగ్ డబ్బు కట్టిన రెండు మూడు వారాల్లోపే కొనాలి. అప్పుడు కూడా సగం నుంచి మూడొంతుల దాకానే ఇస్తారు.

అపోహ: హరికేన్ వస్తే అందరికీ డబ్బు వాపస్.

ఓర్లాండో ప్రాంతానికో, మీరుండే ఊరికో మీరు చేరే తేదీకి ఏడు రోజుల లోపు నేషనల్ హరికేన్ సెంటర్ హెచ్చరిక ఇస్తే, డిస్నీ దగ్గర నేరుగా కొన్న ప్యాకేజీల్ని డిస్నీ వైపు నుంచి రుసుము లేకుండా రద్దు చేసుకోవచ్చు, వాయిదా వేసుకోవచ్చు. విడి టికెట్లకి ఆ రూల్ అలాగే వర్తించదు. 2024 అక్టోబర్‌లో మిల్టన్ వచ్చినప్పుడు పార్కులు 9న మధ్యాహ్నమే మూసేసి, 10న తెరవలేదు. అలాంటప్పుడు టికెట్ల గురించి ప్రతిసారీ విడిగా ప్రకటిస్తారు, దాన్నే చూసుకోవాలి. మామూలు వానకి, ఒక రైడ్ ఆగిపోయినందుకు ఏమీ రాదు. ఫ్లోరిడాలో వేసవి మధ్యాహ్నం వాన పడని రోజు తక్కువ.

అపోహ: పిల్లలందరికీ టికెట్ కావాలి.

మూడేళ్ళు నిండని పిల్లలకి అక్కర్లేదు. 3 నుంచి 9 ఏళ్ళ వాళ్ళకి పిల్లల టికెట్, పదేళ్ళు నిండితే పెద్దల టికెట్. చూసేది పార్కుకి వెళ్ళే రోజున ఉన్న వయసు. రెండున్నరేళ్ళ పాపకి టికెట్ కొనేసి ఉంటే కంగారు పడకండి, దాన్ని తర్వాతి తేదీకి జరిపి ఉంచితే పాపకి మూడేళ్ళు వచ్చాక పనికొస్తుంది.

అపోహ: డిస్నీ టికెట్లకి ఎక్స్‌పైరీయే లేదు, మా బావగారి దగ్గర పాతవి ఉన్నాయి.

ఒకప్పుడు నిజం. 2005కి ముందు అమ్మిన మల్టీ డే టికెట్లలో మిగిలిన రోజులకి గడువు ఉండేది కాదు. తర్వాత పదేళ్ళ పాటు అదనంగా డబ్బు కట్టి గడువు లేని టికెట్ తీసుకునే వీలుండేది. 2015లో దాన్నీ ఆపేశారు. గడువు తేదీ లేని ఒక టికెట్‌ని 1985లో ఇస్తే, దాన్ని చూపించి ఒకావిడ 2019లో కాలిఫోర్నియా డిస్నీల్యాండ్ లోపలికి వెళ్ళారు. ఈ అపోహ ఇంకా బతికి ఉందంటే అలాంటి కథల వల్లే. ఇప్పుడు కొన్న టికెట్‌ని బీరువాలో దాచుకుంటే అలా జరగదు. కాలిఫోర్నియాలో కూడా మల్టీ డే టికెట్ మొదటిసారి వాడాక 13 రోజుల్లో ముగుస్తుంది, పైగా అక్కడ టికెట్‌తో పాటు ఆ రోజుకి రిజర్వేషన్ కూడా చేసుకోవాలి. హాలోవీన్ పార్టీ లాంటి ప్రత్యేక కార్యక్రమాల టికెట్లైతే ఆ ఒక్క రాత్రికే.

బావగారి దగ్గర నిజంగా పాత కాగితం టికెట్ ఉంటే మాత్రం పారేయకండి. దాన్ని పార్కు బయట ఉండే గెస్ట్ రిలేషన్స్ కిటికీ దగ్గరికి తీసుకెళ్తే వెనక నంబరు కొట్టి ఎన్ని రోజులు మిగిలాయో చెప్తారు. అప్పట్లో ఎవరి పేరు మీద కొన్నారో అడుగుతారు కాబట్టి ఆయన్నే వెంటబెట్టుకుని వెళ్ళండి. ఈలోపు దాని ఫొటో తీసి, 'ఇది చెల్లుతుందా' అని ఏ గ్రూపులోనూ పెట్టకండి. ఆ నంబరు కనిపిస్తే చాలు, దాన్ని ఇంకొకరు వాళ్ళ అకౌంట్‌లో చేర్చుకోవచ్చు.