జాతీయ పోషకాహార సంస్థ చరిత్ర: అపోహలు - వాస్తవాలు

పోషకాహార సలహాదారుగా నేను ఇచ్చే సూచనల్లో చాలావాటికి ఆధారం హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో జరిగిన పరిశోధనలే. ఆ సంస్థ గురించి నన్ను కలిసేవారిలో ఉన్న కొన్ని అపోహలను ఇక్కడ సరిదిద్దాలనుకుంటున్నాను.

అపోహ: ఇది స్వాతంత్ర్యం తరువాత హైదరాబాదులో పుట్టిన సంస్థ.

వాస్తవం: 1918లో నీలగిరులలోని కూనూరులో, పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన ఒకే ఒక గదిలో, బ్రిటిష్ వైద్యుడు రాబర్ట్ మెక్‌కారిసన్ నరాలను, గుండెను దెబ్బతీసే బెరిబెరి వ్యాధిపై మొదలుపెట్టిన పరిశోధన దీనికి మూలం. అది 1928లో పోషకాహార పరిశోధనశాలగా ఎదిగి, 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969లో ఇప్పటి పేరు పొందింది. అయితే తెలుగు నేలతో దాని సంబంధం 1958 కంటే పాతది. మద్రాసు రాష్ట్రంలో బెరిబెరి ఎక్కువగా కనిపించినది ఉత్తర సర్కారు జిల్లాలలోనే, అంటే నేటి కోస్తా ఆంధ్ర ప్రాంతంలోనే. బెరిబెరికి కారణం థయమిన్ (విటమిన్ బి1) లోపం. మరపట్టిన తెల్లబియ్యంలో తవుడుతో పాటు ఆ థయమిన్ కూడా పోతుంది. వడ్లను ఉడకబెట్టి ఆరబెట్టాక దంచే ఉప్పుడు బియ్యంలో మాత్రం ఆ విటమిన్ గింజ లోపలికి చేరి చాలావరకు నిలుస్తుంది. అన్నమే ప్రధానాహారమైన మన జిల్లాలకు ఇది ప్రాణావసరమైన విషయం.

అపోహ: పిల్లల్లో పోషణ లోపానికి ప్రోటీన్ కొరతే కారణం.

వాస్తవం: నేను అందరికంటే ఎక్కువగా వాదించవలసి వచ్చేది ఈ విషయంలోనే. ఒకప్పుడు ప్రపంచమంతా ఇదే నమ్మింది. ఒళ్లు ఉబ్బే క్వాషియోర్కర్‌కు ప్రోటీన్ లోపం, ఎముకల గూడుగా చిక్కిపోయే మరాస్మస్‌కు క్యాలరీల లోపం కారణమని పాఠ్యపుస్తకాలు విడదీసి చెప్పేవి. ఈ రెండు వ్యాధుల బారిన పడిన పిల్లల ఆహారాల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదని అప్పటి ఈ సంస్థ సంచాలకుడు సి. గోపాలన్ 1968లో వాదించారు. ఆ తరువాత ఆయన బృందం పోషణ లోపం ఉన్న పిల్లలకు రోజుకు 310 క్యాలరీలు, కేవలం 3 గ్రాముల ప్రోటీన్ ఉన్న అదనపు ఆహారాన్ని 14 నెలలపాటు ఇచ్చి చూసి, ఎత్తు, బరువు మెరుగుపడ్డాయని 1973లో ప్రకటించింది. అంటే చాలామంది పిల్లలకు లోపించినది ఖరీదైన ప్రోటీన్ పొడి కాదు, కడుపునిండా తిండి. శరీరానికి శక్తి చాలనప్పుడు తిన్న ప్రోటీన్ కూడా ఇంధనంగానే కాలిపోతుంది. గోధుమలు, శనగపప్పు, వేరుశనగ, బెల్లం కలిపి ఈ సంస్థ రూపొందించిన ‘హైదరాబాద్ మిక్స్’ ఈ అవగాహనకు తగిన ఆహారమే. డబ్బాల్లో అమ్మే పొడులకు నెల జీతంలో పెద్ద భాగం వెచ్చించే తల్లులను చూసినప్పుడల్లా ఈ పరిశోధన ఇంటింటికీ చేరలేదన్న బాధ నాకు కలుగుతుంది.

అపోహ: ఏ ఆహారంలో ఏ పోషకం ఎంత ఉందో చెప్పే ఆహార పట్టికలు తయారుచేయడమే ఆ సంస్థ పని.

వాస్తవం: నల్గొండ జిల్లాలో ఫ్లోరైడ్ నీటివల్ల మోకాళ్లు లోపలికి వంగిపోయిన వారిని 1970లలో అధ్యయనం చేసినదీ అక్కడి శాస్త్రవేత్తలే.

అపోహ: ఆ పట్టికల్లోని అంకెలు ఎప్పటికీ మారవు.

వాస్తవం: డబ్ల్యూ. ఆర్. ఐక్రాయిడ్ సంచాలకుడిగా ఉన్న కాలంలో, 1937లో వెలువడిన తొలి పట్టిక ఎన్నో మార్పులు పొందింది. 2017 నాటి పట్టికలో 528 ఆహార పదార్థాలను కొత్తగా విశ్లేషించి ఇచ్చారు. పాత ముద్రణల నకళ్లను ఇంకా వాడుతున్న సహవృత్తిదారులు వాటిని పక్కన పెట్టి, కొత్త పట్టికతోనే లెక్కలు కట్టాలని కోరుతున్నాను.