వృషణాన్ని తాడు లాగదు: వృషణం (బీజం) సంచిలోకి దిగకపోవడంపై అపోహలు - వాస్తవాలు

అపోహ: గర్భంలో మగబిడ్డ పొట్టలో ఏర్పడే వృషణాన్ని ఒక తాడు కింది సంచిలోకి లాగుతుంది.

వాస్తవం: ఆ 'తాడు' పేరు గుబర్నాక్యులం. జాన్ హంటర్ 1762లో పెట్టిన పేరు. లాటిన్‌లో చుక్కాని అని అర్థం. పడవను లాగేది చుక్కాని కాదు కాబట్టి పేరు బాగానే కుదిరింది. ఇది మెత్తటి సంయోజక కణజాలం. బొడ్డుతాడు కోస్తే లోపల కనిపించే జిగురు లాంటిదే: పీచు తక్కువ, నీటిని పట్టి ఉంచే హైయలురోనిక్ ఆమ్లం ఎక్కువ. గర్భం 8-15 వారాల మధ్య, వృషణం నుంచే వచ్చే ఇన్సులిన్-లైక్ ఫ్యాక్టర్ 3 అనే హార్మోన్ ప్రభావంతో ఇది ఉబ్బి, వృషణాన్ని గజ్జ దగ్గర కట్టేసినట్టు ఉంచుతుంది. పిండం పొడుగవుతుంది, మూత్రపిండం పైకి జరుగుతుంది, వృషణం కిందే మిగిలిపోతుంది. అసలు ప్రయాణం 25-35 వారాల్లో, మగ హార్మోన్ టెస్టోస్టెరాన్ అండతో. గుబర్నాక్యులం గజ్జ దాటి సంచి వైపు సాగుతుంది, పొట్ట లోపలి పొర తొడుగులా దాని వెంట వస్తుంది, ఆ తొడుగు వెనకగోడను ఆనుకుని వృషణం దిగుతుంది. పనయ్యాక జిగురు కుంచించుకుపోయి పీచుగా మారుతుంది.

అపోహ: గ్రహణం చూడటం వల్లో, తల్లి బరువులెత్తడం వల్లో వృషణం దిగడం ఆగిపోతుంది.

వాస్తవం: రెంటికీ సంబంధం లేదు. నెలలు నిండకుండా పుట్టడమే పెద్ద కారణం. పై వారాలు చూస్తే ఎందుకో తెలుస్తుంది.

అపోహ: ఐదేళ్లొచ్చేసరికి అదే దిగుతుంది.

వాస్తవం: పుట్టిన కొన్ని నెలల్లో చాలామందికి దిగే మాట నిజమే. ఆరు నెలలు దాటాక (నెల తక్కువ బిడ్డకు ప్రసవం కావాల్సిన తేదీ నుంచి లెక్క) ఆశ చాలా తక్కువ. సంచిలో వేడి ఒంటికన్నా కొన్ని డిగ్రీలు తక్కువ. పైనే ఉండిపోతే వీర్యకణాలకు మూలమైన కణాలు మొదటి ఏడాది నుంచే దెబ్బతినడం మొదలవుతుంది. అందుకే ఆపరేషన్ 6-18 నెలల మధ్య.

అపోహ: ముందు స్కానింగ్ తీయించాలి.

వాస్తవం: ముందు చేత్తో తడిమి చూడాలి. వెచ్చని గదిలో బిడ్డ కాళ్లు మడిచి కూర్చోబెట్టి, వెచ్చని చేతికి సబ్బు నీళ్లు రాసి, తుంటి ఎముక ముందు కొస నుంచి గజ్జ వెంట సంచి వైపు నిదానంగా జార్చాలి. కిందికొచ్చి, వదిలాక కాసేపైనా అక్కడే ఉంటే ఆపరేషన్ వద్దు. కానీ ఏడాదికోసారి చూడాలి, మళ్లీ పైకెక్కేవి ఉంటాయి. స్కానింగ్ పొట్టలోని వృషణాన్ని వదిలేయొచ్చు, గజ్జలోని లింఫు గడ్డను వృషణమనుకోవచ్చు. చేతికి తగలనప్పుడు తేల్చేది లాపరోస్కోపీ, అంటే పొట్టలోకి సన్నని కెమెరా పంపి చూడటం.

అపోహ: ఆపరేషనంటే లాగి కుట్టేయడమే.

వాస్తవం: పొడవు వచ్చేది లాగడం వల్ల కాదు, విడదీయడం వల్ల. వృషణం వెంట దిగిన ఆ పొట్ట పొర తొడుగు తడిసిన కాగితంలా పల్చగా ఉంటుంది. వీర్యనాళం, రక్తనాళాలు దానికి అతుక్కుని ఉంటాయి. చిరగకుండా వాటి నుంచి ఒలిచి, పైన ముడి వేస్తే వృషణం సులువుగా దిగుతుంది. ఆ ఓపిక లేకుండా లాగితే రక్తనాళాలు సాగి వృషణం ఎండిపోవచ్చు.

అపోహ: పసివాడి బుడ్డలో నీళ్లు సూదితో తీసేస్తే సరి.

వాస్తవం: ఆ తొడుగు పూర్తిగా మూసుకోకపోతే పొట్టలో నీరు దిగుతుంది. తీసినా మళ్లీ నిండుతుంది, లోపల పేగుంటే సూది దానికే తగులుతుంది. ఒట్టి నీరైతే ఒకటి రెండేళ్లలో చాలావరకు తగ్గుతుంది. పేగు జారే హెర్నియాకు మాత్రం గడువు లేదు. గడ్డ గట్టిపడి, బిడ్డ ఏడుస్తూ వాంతి చేసుకుంటే ఆ గంటలోనే ఆస్పత్రికి.

అపోహ: ఆడపిల్లలకు ఈ గొడవ లేదు.

వాస్తవం: వాళ్లలో ఇదే కణజాలం అండాశయ బంధనంగా, గర్భాశయ రౌండ్ లిగమెంట్‌గా మిగులుతుంది. గజ్జలో గడ్డ కనిపిస్తే అందులో అండాశయం ఉండొచ్చు. నొక్కి లోపలికి తోయకండి.

అపోహ: పుట్టిన మగబిడ్డకు రెండు వృషణాలూ చేతికి తగలకపోయినా నెమ్మదిగా చూపించొచ్చు.

వాస్తవం: ఇక్కడ మాత్రం ఆగకూడదు. పైకి అబ్బాయిలా ఉన్నా అడ్రినల్ గ్రంథి (మూత్రపిండం మీద ఉండే హార్మోన్ గ్రంథి) లోపమున్న ఆడబిడ్డ కావచ్చు. అలాంటి బిడ్డకు ఒకటి నుంచి మూడు వారాల్లో ఒంట్లో సోడియం పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. క్రోమోజోములు, 17-హైడ్రాక్సీ ప్రొజెస్టిరాన్ (ఆ గ్రంథి లోపాన్ని పట్టించే హార్మోన్), సోడియం, పొటాషియం పరీక్షల ఏర్పాటు డిశ్చార్జికి ముందే జరగాలి.