ఒత్తాలా, వద్దా? కామిక్స్ ప్రెస్సింగ్ మీద అపోహలు - వాస్తవాలు

ఇచ్ఛాపురం, పర్లాకిమిడి, రాయగడ... ఎక్కడినుంచి ఫోన్ వచ్చినా మొదటి ప్రశ్న ఒకటే. "అన్నా, ఒత్తీసి పంపితే గ్రేడు పెరుగుతాదా?" పుస్తకం చూడకుండా దీనికి అవుననో కాదనో చెప్పేవాడి చేతిలో మీ కామిక్ పెట్టకండి.

నేను బరంపురంలో చేసే పని ఇదే. వేడి, కొద్దిపాటి తేమ, బరువు, ఈ మూడింటితో కామిక్‌లోని వంపులు, నొక్కులు తీసి సాపు చేయడం. తర్వాత అది సీజీసీ లాంటి గ్రేడింగ్ సంస్థకు వెళ్తుంది. వాళ్ళ ప్రధాన కార్యాలయం అమెరికాలో, ఫ్లోరిడాలోని సరసోటాలో. అక్కడ 0.5 నుంచి 10 వరకు గ్రేడు వేసి, గట్టి ప్లాస్టిక్ కేసులో సీలు చేస్తారు. అదే స్లాబ్. నా దగ్గరకొచ్చే సరుకు రెండు రకాలు: అమెరికాలోని చుట్టాలు ఇల్లు మారుతూ ఖాళీ చేసిన అట్టపెట్టెల్లోని మార్వెల్, డీసీ కంపెనీల అమెరికన్ కామిక్స్; అటక మీంచి దించిన ఇంద్రజాల్, అమర్ చిత్ర కథలు. సరుకు వేరైనా వాటితోపాటు వచ్చే అపోహలు మాత్రం అవే.

అపోహ: ప్రెస్ చేయిస్తే గ్రేడు పెరగడం ఖాయం

వాస్తవం: ప్రెస్సింగ్ మార్చేది కాగితం ఆకారాన్ని, అంతే. వంగినదాన్ని, నొక్కుకుపోయినదాన్ని, తేమకి అలలు తేలినదాన్ని చదును చేస్తుంది. చిరుగు అతకదు, మరక పోదు, తుప్పు పట్టిన స్టేపుల్ బాగుపడదు. అట్ట మీద బాల్ పెన్నుతో రాసిన పేరు తాలూకు గాడి కొంత దిగుతుంది గానీ సిరా అక్కడే ఉంటుంది.

అసలు తేడా రంగు దగ్గర వస్తుంది. కవరు, అంటే పైఅట్ట, మడత పడినప్పుడు పైనున్న సిరా పొర పగిలి కింది తెల్ల కాగితం బయటపడితే కలర్ బ్రేక్ అంటాం. రంగు విరగని మడత చాలావరకు దిగిపోతుంది. రంగు విరిగితే మడత చదునవుతుంది, తెల్లగీత మిగిలిపోతుంది. బరంపురం పట్టుచీరలు కట్టే ఇళ్ళలో ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. ఏళ్ళతరబడి ఒకే మడతలో ఉండి జరీ విరిగిన చోట ఎంత ఇస్త్రీ చేస్తే మాత్రం గీత పోతుందా?

ఈ పరీక్ష మీరే ఇంట్లో చేసుకోవచ్చు. గదిలో లైట్లు ఆర్పి, టేబుల్ లాంప్ ఒకటే వెలిగించి, వెలుతురు కవరు మీద పక్కనుంచి వాలుగా పడేలా పట్టుకోండి. ట్యూబులైటు కింద నున్నగా కనిపించిన కవరు మీద వేలి నొక్కులు, పేజీ తిప్పినప్పుడు పడిన అర్ధచంద్రాకారపు గుంటలు అన్నీ నీడలుగా లేస్తాయి. పుస్తకాన్ని మెల్లగా తిప్పుతూ వెన్ను దగ్గరకు రండి. స్టేపుల్స్ చుట్టూ అడ్డంగా సన్నటి గీతలుంటాయి, స్పైన్ టిక్స్ అంటారు. లాంప్ జరిపినప్పుడు మాయమయ్యేవి ఉత్త నొక్కులు. ఏ కోణంలో చూసినా తెల్లగా నిలబడేవి రంగు విరిగినవి. కవరు నల్లగా ఉంటే ఒక్క టిక్కైనా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. తెల్ల కవరు అదే టిక్కును దాచేస్తుంది, అక్కడ భూతద్దం తీయాలి.

మొదటి రకం లోపాలే ఎక్కువుంటే ప్రెస్ చేయించండి. గ్రేడును కిందికి లాగుతున్నది రెండో రకమైతే డబ్బులు మిగుల్చుకోండి. వెన్ను మీద అరడజను తెల్ల టిక్కులున్న పుస్తకానికి వెనక అట్ట మీది వేలి నొక్కులు తీయించి ఏం లాభం? గ్రేడరు కన్ను టిక్కుల మీదే ఆగుతుంది.

అపోహ: ప్రెస్సింగ్ అంటే మోసం, ఊదా లేబుల్ పడుతుంది

వాస్తవం: ఊదా లేబుల్ వేసేది రెస్టొరేషన్, అంటే మరమ్మతు, చేసిన పుస్తకానికి. సీజీసీ ప్రెస్సింగును రెస్టొరేషన్‌గా లెక్కేయదు. దాని అనుబంధ సంస్థ సీసీఎస్ చేసే పనే ప్రెస్సింగ్. మెత్తటి ఇరేజరుతో పైపై మురికి తీసినా వాళ్ళకు అభ్యంతరం లేదు. ఊదా లేబుల్‌కు దారి తీసేది లేనిదాన్ని చేర్చడం: విరిగిన చోట రంగు దిద్దడం, పోయిన మూలకు కాగితం అతకడం లాంటివి. నల్ల కవరు మీద తెల్ల టిక్కులు కనపడకూడదని మార్కరు పూసినవి నా దగ్గరకు వస్తూనే ఉంటాయి. కవరు లోపలివైపు తిప్పితే సిరా ఇంకిన చుక్కలు బయటపడతాయి. నాకే దొరికింది గ్రేడరుకు దొరకదా? టిక్కులతోనే పంపి ఉంటే మామూలు నీలం లేబుల్‌తో మర్యాదగా వచ్చేది.

ప్రెస్ చేసిన పుస్తకమంటేనే ఇష్టపడని కలెక్టర్లున్నారు. వాళ్ళ అభిరుచి వాళ్ళది. అందుకే అమ్మేటప్పుడు ప్రెస్ చేయించిన సంగతి కొనేవాళ్ళు అడక్కపోయినా చెప్పమంటాను.

అపోహ: ఇంట్లో ఇస్త్రీ పెట్టె చాలు

వాస్తవం: ఇస్త్రీ పెట్టెను కాటన్ దగ్గర పెడితే 200 డిగ్రీల సెల్సియస్ దగ్గరకు పోతుంది. కామిక్‌కు కావాల్సింది 70 అటూఇటూ. పైగా పెట్టె బరువు అంతటా సమానంగా పడదు. నిగనిగలాడే కవరైతే సిరా మెత్తబడి అంటుకుంటుంది. ఆవిరి రంధ్రాల గుర్తులు వరసగా అచ్చుపడిన స్పైడర్‌మ్యాన్ కవరును చూశాను, దాన్నిక ఎవరూ ఏమీ చేయలేరు.

వేడికన్నా చల్లార్చడం ముఖ్యమని చాలామందికి తెలీదు. పుస్తకానికి పైనా కిందా సిలికాన్ పేపరు, స్టేపుల్ గుర్తులు అట్టకు దిగకుండా లోపల కాగితాలు సర్ది కొద్దిసేపు వేడి ఇస్తాం. తర్వాత వేడి ఆపేసి, అదే ఒత్తిడి కింద కనీసం ఒక రాత్రి వదిలేస్తాం. తొందరపడి తీస్తే వంపు మళ్ళీ లేస్తుంది. టీషర్టులు ప్రింటు చేసే హీట్ ప్రెస్ కొని నేర్చుకుందామనుకునే తమ్ముళ్ళకు ఒక మాట: మెషిను మీద కనిపించే అంకెను నమ్మకండి, ప్లేటు మీద విడిగా థర్మామీటరు పెట్టి చూసుకోండి. పాత పుస్తకాల షాపులో చవగ్గా దొరికే చిత్తు కామిక్స్ మీద చేయి తిరగనివ్వండి.

అపోహ: ఒకసారి ఒత్తితే ఇక శాశ్వతం

వాస్తవం: సముద్రం ఒడ్డున ఉంటూ ఈ మాట నమ్మకూడదు. కాగితం గాలిలోని తేమను పీలుస్తుంది, వదులుతుంది. పీల్చినప్పుడు దాని నార ఉబ్బి, బలవంతాన చదునైన వంపు పాత ఆకారం వైపు జరుగుతుంది. దీన్ని రివర్షన్ అంటారు. గోపాల్‌పూర్ మాకు కూతవేటు దూరం. వానాకాలంలో గాలిలో తేమ 80 శాతం దాటడం మామూలే. కాగితానికి హాయిగా ఉండేది 50 శాతం దగ్గర. తడి గాలిలో ఒత్తి, తడి గాలిలోనే కవర్లో పెట్టి పంపిన పుస్తకం గ్రేడరు బల్ల మీదకు చేరేసరికి మళ్ళీ అలలు తేలి ఉండొచ్చు. స్లాబ్ లోపలైతే భద్రమే కదా అంటారు. స్లాబ్ గాలి చొరబడని డబ్బా కాదు. అందుకే నేను అసలు పని చలికాలానికి పెట్టుకుంటాను. వానాకాలంలో తప్పనిసరైతే ఏసీ గదిలో, తేమ కొలిచే మీటరు పక్కన పెట్టుకుని, చుట్టూ సిలికా జెల్‌తో. కొరాపుట్, జయపురం కొండల మీద ఉండేవాళ్ళకు చలికాలంలో ఈ బాధ కొంత తక్కువ.

2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. 2018 అక్టోబరులో తిత్లీ పలాస వైపు వచ్చింది. అప్పుడు తడిసి ఎండిన పుస్తకాలు ఇప్పటికీ అటకల మీంచి దిగుతున్నాయి. పేజీల అలలు ప్రెస్సులో బాగానే దిగుతాయి. నీళ్ళు పాకి ఆగిన చోట ఏర్పడ్డ గోధుమరంగు అంచు దిగదు. బూజు వాసన వేసే పుస్తకాన్ని మాత్రం మెషిను దరిదాపులకు రానివ్వను. బూజుకు కావాల్సిన తేమను మనమే ఇచ్చినట్టవుతుంది, పైగా ప్రెస్సులో వాడే కాగితాల ద్వారా తర్వాతి పుస్తకానికి అంటుకుంటుంది.

అపోహ: గ్రేడు పెరిగితే డబ్బు వచ్చినట్టే

వాస్తవం: మొన్నామధ్య రాయగడ కుర్రాడొకడు 1991 నాటి ఎక్స్-మెన్ మొదటి సంచిక తెచ్చాడు. న్యూజెర్సీలో ఉన్న మేనమామ ప్లాస్టిక్ కవర్లోంచి తీయకుండా దాచిందట. ప్రెస్ చేస్తే 9.8కి పోయే పుస్తకమే, కాదనను. కానీ ఆ సంచిక 80 లక్షలకు పైగా అమ్ముడై గిన్నిస్ రికార్డుకెక్కింది. కొన్నవాళ్ళలో చాలామంది అచ్చం ఆ మామయ్యలాగే దాచుకున్నారు. దానికి 9.8 కూడా అపురూపం కాదు. ప్రెస్ ఖర్చు, గ్రేడింగ్ ఫీజు, రానూపోనూ కొరియరు, ఇన్సూరెన్సు, తిరిగొచ్చేటప్పుడు కస్టమ్స్, అన్నీ కాగితం మీద వేసి చూపించాను.

"అయితే ఇలాగే ఉంచీమంటావేటన్నా?"

"చదువుకో తమ్ముడూ. జిమ్ లీ బొమ్మలు బాగుంటాయి."

దీనికి పూర్తిగా ఎదురు కేసు 1974 నాటి హల్క్ 181వ సంచిక, వుల్వరీన్ పూర్తి పాత్రగా కనిపించిన మొదటి సంచిక. దానికి నడిమి గ్రేడుల్లో ఒక్క మెట్టు పెరిగినా ఖర్చులు పోను మిగులుతుంది. ఐతే ప్రెస్ సంగతి ఎత్తే ముందు లోపల పేజీలో అచ్చేసిన మార్వెల్ వాల్యూ స్టాంపు ఉందో లేదో చూడండి. అప్పటి పిల్లలు వాటిని కత్తిరించి ఆల్బంలో అతికించుకునేవాళ్ళు. అది లేకపోతే అట్ట ఎంత మెరిసినా పుస్తకం అసంపూర్ణమే.

లెక్క వేసేటప్పుడు ప్రస్తుతం రాగల గ్రేడు, ప్రెస్ తర్వాత రాగల గ్రేడు, రెండింటికీ ఈమధ్య అమ్ముడైన ధరలు పక్కపక్కన రాయండి. ఆన్‌లైన్‌లో అమ్మకందారు అడిగే ధర కాదు, నిజంగా చేతులు మారిన ధర. 9.6కీ 9.8కీ మధ్య తేడా కొన్ని పుస్తకాలకు భారీగా ఉంటుంది, కొన్నిటికి కొరియరు ఖర్చుకూ చాలదు. ఊహించే గ్రేడును మీ ఆశకన్నా ఒక మెట్టు తక్కువే వేసుకోండి.

అపోహ: ఎంత పాతదైతే ప్రెస్ అంత అవసరం

వాస్తవం: ఇంద్రజాల్ కామిక్స్ 1964 మార్చిలో ఫాంటమ్‌తో మొదలయ్యాయి. ఆనాటి న్యూస్‌ప్రింటులో ఆమ్లం ఎక్కువ, ఏళ్ళు గడిచేకొద్దీ ఎర్రబడి పెళుసుబారుతుంది. పేజీ తిప్పితే అంచుల నుంచి పొడి రాలుతోందంటే దానికి ప్రెస్ వద్దు, కొత్త చిరుగులే మిగులుతాయి. మా ఉప్పుగాలికి స్టేపుల్స్ కూడా తొందరగా తుప్పు పడతాయి. అలాంటివాటి చుట్టూ కాగితం ముందే కుళ్ళి ఉంటుంది, బరువు పడితే అట్ట ఊడి చేతిలోకొస్తుంది. స్టేపుల్ మారుద్దామా అంటే అది ప్రెస్సింగ్ పరిధి దాటిపోతుంది, లేబుల్ మీద రాస్తారు. వీటిని మైలార్ అనే పారదర్శక ప్లాస్టిక్ కవర్లో, ఆమ్లం లేని బోర్డు దన్నుతో పెట్టి వెనక్కి ఇచ్చేస్తాను. పేజీలు ఇంకా మెత్తగా వంగే అమర్ చిత్ర కథలైతే నిరభ్యంతరంగా చేస్తాను.

ఇక 1990ల నాటి ఫాయిల్ కవర్లు, హోలోగ్రామ్ అతికించినవి, ఉబ్బెత్తు అచ్చువి, జిగురు బైండింగువి నేను తీసుకోను. ఉబ్బు అణిగిపోతే అదే కొత్త లోపం.

పుస్తకాలు తెచ్చేటప్పుడు మాత్రం దయచేసి గొట్టంలా చుట్టి రబ్బరు బ్యాండు వేయకండి. రెండు గట్టి అట్టల మధ్య చదునుగా పెట్టి, బస్సులో పైన సామాన్ల మధ్య కుక్కకుండా ఒళ్ళో పెట్టుకుని తెండి.