మెడికల్ ఫారంలో అన్నిటికీ ‘లేదు’ అని టిక్కు పెట్టేవారికి

తొమ్మిదేళ్లుగా అండమాన్‌లోని స్వరాజ్ ద్వీప్‌లో స్కూబా (వీపున గాలి సిలిండర్‌తో సముద్రం లోపలికి దిగడం) ఇన్‌స్ట్రక్టర్‌గా ఉన్నాను. మనవాళ్లు ఈ దీవిని ఇప్పటికీ హేవ్‌లాక్ అనే పిలుస్తారు. హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో ఫోన్ చేసేవారు మొదట సొరచేపల గురించి అడుగుతారు. తరవాత ఈత రాకపోతే ఎలా అంటారు, ఆ తరవాత ఖర్చెంత అంటారు. “నాకు బీపీ ఉంది, దిగవచ్చా?” అని అడిగేవారు మాత్రం చాలా అరుదు. ఆ ఒక్క ప్రశ్న కోసమే ఇది రాస్తున్నాను.

అపోహ: దిగే ముందు మీ జబ్బుల గురించి అడిగే మెడికల్ ఫారం నామమాత్రపు కాగితం. అన్నిటికీ ‘లేదు’ అని పెట్టి సంతకం చేస్తే సరిపోతుంది.

సెలవుల్లో సరదాగా డైవింగ్‌కు వచ్చేవారికి ఇంతకు మించి ప్రమాదకరమైన నమ్మకం లేదు.

ఒక జనవరిలో, పెళ్లై పాతికేళ్లయిన సందర్భంగా ఒక కుటుంబం వచ్చింది. ఆయనకు యాభై దాటాయి. ఫారంలోని 10 ప్రశ్నలకూ ‘లేదు’ అని పెట్టి పెన్ను నా చేతికిచ్చారు. అర నిమిషం కూడా పట్టలేదు. వెట్‌సూట్ తొడుక్కోవడానికి చొక్కా విప్పగానే రొమ్ము మధ్యలో, గొంతు కింది గుంట నుంచి నిలువుగా దిగిన నున్నటి మచ్చ కనిపించింది. బైపాస్ కుట్ల మచ్చ.

“ఎప్పుడు చేయించుకున్నారండీ?”

“అదా, నాలుగేళ్లయింది బాబూ. ఇప్పుడు రోజూ ఐదు కిలోమీటర్లు నడుస్తాను. ఏమీ లేదు.”

దింపనన్నాను. ఆయనకు బాగా కోపం వచ్చింది. డబ్బు వెనక్కి ఇస్తామన్నా శాంతించలేదు. ఆయన భార్య మాత్రం ఆ చొక్కాను మడిచి ఒడిలో పెట్టుకుని, తల వంచుకుని కూర్చున్నారు. నిజం రాయమని ఆమె ముందే చెప్పి ఉంటారని నాకు అనిపించింది.

రోజూ నడుస్తానన్న ఆయన మాట నిజమే కావచ్చు. కానీ నేల మీద నడక వేరు, నీళ్లలో గుండె పడే శ్రమ వేరు. మెడ లోతు నీళ్లలో నిలబడితే చాలు, కాళ్లలోని నెత్తురు సుమారు 700 మిల్లీలీటర్లు ఛాతీ వైపు చేరుతుంది. చల్లదనానికి రక్తనాళాలు బిగుసుకుంటాయి, బీపీ పెరుగుతుంది. దానికి తోడు మొదటిసారి దిగుతున్న భయం, ప్రవాహానికి ఎదురీత. బీపీ ఉన్నవారిలో కొందరికి ఈ ఒత్తిడి వల్ల ఊపిరితిత్తుల్లోకే నీరు చేరుతుంది. అది మింగిన సముద్రపు నీరు కాదు, సొంత రక్తంలోంచి ఊరిన నీరు. దగ్గు, ఆయాసం, ఒక్కోసారి గులాబీ రంగు నురగ. ఒడ్డున చూస్తున్నవారు నీళ్లు మింగాడనుకుంటారు. డైవింగ్ మరణాల్లో నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా గుండెతో ముడిపడినవేనని డైవర్ల భద్రత కోసం పనిచేసే డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ ఏళ్ల తరబడి చెబుతూనే ఉంది. అటువంటి చావు వార్తల్లోకి వచ్చేసరికి ‘సముద్రంలో మునిగి మృతి’ అవుతుంది. చదివినవారు సముద్రానికి భయపడతారు కానీ తమ బీపీ మాత్రను గుర్తు చేసుకోరు.

ఫారంలో ‘అవును’ అని పెడితే వెనక్కి పంపేస్తారని చాలామంది దాస్తారు. ఆ భయం నాకు తెలుసు. ఇన్‌హేలర్‌ను సంచి అడుగున, తువ్వాలు కింద దాచుకుని వచ్చిన కాలేజీ అమ్మాయిలను చూశాను. స్నేహితులంతా దిగుతుంటే తానొక్కతే ఒడ్డున ఉండిపోవాలనే దిగులు చిన్నది కాదు. కానీ అమ్మా, ఉబ్బసంతో సన్నబడిన శ్వాస గొట్టాల వెనక గాలి చిక్కుకుంటే, పైకి వచ్చేటప్పుడు అది వ్యాకోచించి ఊపిరితిత్తిని చీల్చగలదు. ఆ గాలి బుడగ నెత్తుటిలో కలిసి మెదడుకు చేరితే మేం చేయగలిగేది చాలా తక్కువ.

‘అవును’ అంటే దిగకూడదని కాదు, డాక్టరు చూసి సరేనంటూ సంతకం చేయాలని. గుండె ఆపరేషన్ అయినవారిలో కూడా పరీక్షల తరవాత అనుమతి దొరికేవారు ఉన్నారు. ఆ పరీక్షలు మీ ఊళ్లో, మీ డాక్టరు దగ్గర, బయలుదేరడానికి మూడు నాలుగు వారాల ముందే చేయించుకోండి. పడవ ఎక్కబోయే ముందు ఈ దీవిలో గుండె డాక్టరును వెతకడం జరిగే పని కాదు. 45 ఏళ్లు దాటి, పొగతాగే అలవాటో బీపీయో కొలెస్ట్రాలో ఉంటే, మీకు ఏ ఇబ్బందీ తెలియకపోయినా, ఆ ఫారమే మిమ్మల్ని డాక్టరు దగ్గరికి పంపుతుంది.

అపోహ: భయం వేస్తే ఊపిరి బిగబట్టి పైకి వచ్చేయవచ్చు.

ఫారంలో నిజం దాచడం తరవాత నేను ఎక్కువగా భయపడేది దీనికే. 10 మీటర్ల లోతులో నిండా పీల్చిన గాలి పైకి వచ్చేసరికి రెండింతలవుతుంది. మీటరు పైచిలుకు లోతు నుంచి ఊపిరి బిగబట్టి లేచినా ఊపిరితిత్తులు దెబ్బతినవచ్చు. స్విమ్మింగ్ పూల్‌లో కూడా అంతే. భయం వేస్తే చేత్తో సైగ చేయండి, గాలి పీలుస్తూ వదులుతూ ఉండండి. మిమ్మల్ని పైకి తీసుకురావడం మా పని.

అపోహ: వీపు మీద ఉండేది ఆక్సిజన్ సిలిండర్.

మామూలు గాలే. 21 శాతం ఆక్సిజన్, మిగతాది దాదాపు అంతా నైట్రోజన్. స్వచ్ఛమైన ఆక్సిజన్ పీలుస్తూ 6 మీటర్లు దాటితే ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది.

అపోహ: ఈత రానివారికి స్కూబా లేదు.

ఇన్‌స్ట్రక్టర్ పట్టుకుని 12 మీటర్ల లోపు తీసుకెళ్లే మొదటి డైవ్‌కు ఈత అక్కర్లేదు. సర్టిఫికెట్ కోర్సుకు కావాలి. సొరచేపల సంగతి: ఇక్కడ కనిపించడమే అరుదు, కనిపిస్తే మావాళ్లు సంబరపడతారు.

అపోహ: వార్తల్లో స్కూబా అన్నారంటే స్కూబాయే.

2025 సెప్టెంబరులో సింగపూర్‌లో గాయకుడు జుబీన్ గార్గ్ మరణించిన రోజు దేశమంతా స్కూబా ప్రమాదమని చెప్పుకుంది. ఆయన సముద్రంలో ఈదుతూ మునిగిపోయారని తరవాత తెలిసింది. ఆ వారం ఫోన్ చేసి బుకింగ్ రద్దు చేసుకున్నవారికి ఈ రెండో వార్త చేరనే లేదు. ఫార్వర్డ్ చేసే ముందు ఒక్క రోజు ఆగితే ఏం పోతుంది?

అపోహ: జలుబుతో దిగినా ఏమీ కాదు.

లోతులో పెరిగే పీడనానికి చెవి సర్దుకోదు, కర్ణభేరి చిరగవచ్చు. ఆ రోజుకు మానేయండి.

అపోహ: పొద్దున డైవ్, సాయంత్రం విమానం.

ఒక్క డైవ్ అయితే కనీసం 12 గంటలు, రోజుల తరబడి చేస్తే 18 గంటలు ఆగాలి. ఒంట్లో కరిగిన నైట్రోజన్, పైన పీడనం తగ్గితే మూత తీసిన సోడాలా బుడగలు కడుతుంది. కీళ్ల నొప్పులతో మొదలై పక్షవాతం దాకా వెళ్లవచ్చు. దానికి చికిత్స చేసే పీడన గది పోర్ట్ బ్లెయిర్ (ఇప్పుడు శ్రీ విజయపురం) నౌకాదళ ఆసుపత్రిలో ఉంది. మీరేమో అప్పటికి బంగాళాఖాతం పైన, సీటు బెల్టు పెట్టుకుని కూర్చుని ఉంటారు. టికెట్లు తీసుకునేటప్పుడే డైవింగ్‌ను ముందు రోజుల్లో పెట్టుకోండి. చివరి రోజు రాధానగర్ బీచ్‌లో సూర్యాస్తమయం చూడండి.